ఎడమకాలి పక్షాన

2024 వేసవిలో బంధువుల పెళ్ళి. రెండో బంతికి ఆకులు వేస్తున్నారు. పక్కన కూర్చున్న మా బావగారు, అంటే మా ఆవిడకు పెద్దన్నగారు, కుశలప్రశ్నలయ్యాక అడిగారు.

“కారు కొన్నారటగా బావగారూ, కొత్తదేనా?”

“కాదండీ, ఎనిమిదేళ్ళ పాతది.”

“ఏ బండి?”

చెప్పాను.

“అంత చిన్నదా!” అని ఆగి, “గేర్లు?” అన్నారు.

“ఆటోమేటిక్.”

ఆయన ముఖంలో మూడు మెట్లుగా పేరుకున్న జాలి హఠాత్తుగా విచ్చుకుంది. “ఓహో, చెల్లాయి కోసమా! అలా చెప్పండి మరి” అన్నారు. “అవునవును, తన కోసమే” అన్నాను నేను, క్షణం తడుముకోకుండా. ఎదుటి వరుసలో కూర్చున్న మా ఆవిడ ఆ మాట విన్నది. విని, విస్తట్లో పప్పు కలుపుకుంది. ఏమీ అనలేదు.

ఆ కారు కొన్నది నా ఎడమ మోకాలి కోసం. ఒక చిన్న అబద్ధంతో పరువు కాపాడుకున్నాను. ఏ పరువు? ఎడమకాలితో ఒక మీటను రోజుకు కొన్ని వందలసార్లు తొక్కగలిగే పరువు! ఈ టపా ఆ అబద్ధానికి ప్రాయశ్చిత్తమూ, ఆ పరువు మీద ఫిర్యాదూ.

నా వాదం ఒక్క ముక్కలో చెబుతాను. నగరంలో బతికేవాడికి తగిన కారు చిన్నది, చురుకైనది, ఆటోమేటిక్, ఒకరు వాడి అమ్మినది. ఈ నాలుగు మాటలనూ మనవాళ్ళు నాలుగు లోపాలుగా వింటారు. చిన్నదంటే స్తోమత లేదని, వాడినదంటే ఎంగిలి అని, ఆటోమేటిక్ అంటే చేతకాదని. చురుకైనదంటే గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగమని. నాలుగూ పొరపాట్లే. వీటిలో మూడోది పొరపాటు మాత్రమే కాదు, మనుషులను ఇంట్లో కూర్చోబెట్టే దౌష్ట్యం కూడా. అందుకే దానితోనే మొదలుపెడతాను.

పాత బండి ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి దాకా క్లచ్చిని ఎన్నిసార్లు తొక్కుతున్నానో లెక్కపెట్టాను. టోలీచౌకి దాటేసరికే నూరు దాటింది. గచ్చిబౌలి చేరేసరికి 214. సుమారు పన్నెండు కిలోమీటర్ల దారి. తిరుగు ప్రయాణం వేరే. “గేరు మారుస్తూ నడపడంలో ఉన్న మజాయే వేరు” అనేవారున్నారు. ఉంది, నేను కాదనను. శ్రీశైలం ఘాటులో, తెల్లవారుజామున, ముందూ వెనకా ఎవరూ లేని మలుపుల్లో ఆ మజా ఉంది. షేక్‌పేట దగ్గర ఒకటో గేరుకూ తటస్థానికీ మధ్య గంటసేపు ఊగిసలాడటంలో ఏ మజా ఉంది? తిరగలి తిప్పడంలో పాట ఉందని రోజూ పది మానికలు విసరమంటే ఎలా ఉంటుంది?

ఇక “ఆటోమేటిక్ ఆడవాళ్ళ బండి” అన్న మాట. మన జ్ఞాపకశక్తి మీద నాకు చాలా బెంగగా ఉంది. 1980లలో కైనెటిక్ హోండా వచ్చినప్పుడు సరిగ్గా ఇదే మాట అన్నాం. గేర్లు లేని స్కూటరు ఆడపిల్లలకు, వయసు మళ్ళినవారికి. మగవాడన్నవాడికి బజాజ్ చేతక్, ఎడమచేతి మణికట్టు తిప్పి గేరు మార్చాలి, ఒక పక్కకు ఒరిగించి తన్నాలి. ఇప్పుడు వీధిలోకి వెళ్ళి చూడండి. యాక్టివా ముందుభాగంలో గ్యాసు బండ పెట్టుకుని వెళ్ళే మనిషీ, బియ్యపు బస్తా వేసుకుని వెళ్ళే మనిషీ, పెళ్ళికూతురి తండ్రీ, హెడ్ కానిస్టేబులూ, అందరూ గేర్లు లేని స్కూటరు మీదే. ఎవరి మీసానికీ ఏ లోటూ రాలేదు. ఆ స్కూటరు లోపల ఉన్న యంత్రాంగం, రెండు కప్పీల మధ్య ఒక పట్టా జరుగుతూ వేగాన్ని సర్దే ఏర్పాటు, సీవీటీ కార్లలో ఉన్నదానికి చిన్న తమ్ముడే. ఉదయం యాక్టివా మీద కూరగాయలు తెచ్చుకుని, మధ్యాహ్నం ఆటోమేటిక్ కారును వెక్కిరించే పెద్దమనిషిని ఏమనాలి? ఇంకో మాట. మన దేశపు లైసెన్సుల్లో గేర్లున్నది, లేనిది అన్న భేదం ద్విచక్రవాహనాలకే ఉంది, కార్లకు లేదు. చట్టం పట్టించుకోని తేడాను పట్టుకుని మనం వేలాడుతున్నాం.

పెళ్ళినుంచి తిరిగివస్తుంటే కారులో మా ఆవిడ అంది. “మీ మోకాలికి కొనుక్కున్న బండికి నా పేరు చెప్పారే! పదకొండేళ్ళయింది నేను స్టీరింగు పట్టి. అది గుర్తుందా?”

గుర్తుంది. 2013లో తను కొత్తగా కారు నేర్చుకుంది. బాగానే నడిపేది. ఒక సాయంత్రం జూబిలీహిల్స్ చెక్‌పోస్టు వైపు ఎక్కే దారిలో, ఎత్తు మీద ఆగింది బండి. ముందు వరుస కదిలింది. తను క్లచ్చి వదిలేలోపు మూడడుగులు వెనక్కి జారి, వెనకనున్న ఆటోకు తగిలింది. ఆటోకు గీత పడలేదు. ఆటో అతను దిగి చూసుకుని “పర్వాలేదమ్మా, మెల్లగా పోనియ్యి” అన్నాడు. అరిచింది నేను. పది మంది వినేలా అరిచాను. తను చేతిబ్రేకు లాగి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి ఎడమపక్క సీటులో కూర్చుంది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ సీటులోనే కూర్చుంది. నేను ఊరెళితే క్యాబు పిలుచుకుంది. క్యాబు దొరకని రోజు వాళ్ళమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి పక్కింటివాళ్ళను బతిమాలుకుంది. బండి మాత్రం కింద సెల్లారులో గుడ్డ కప్పుకుని ఉండేది.

ఆ మూడడుగులూ జారకుండా ఆపే యంత్రం అప్పటికే బజారులో ఉంది. 1990లలోనే జెన్‌కు ఆటోమేటిక్ రూపం ఉండేది. తర్వాత శాంత్రోకు, ఐ10కు, ఏ-స్టార్‌కు వచ్చింది. 2013 నాటికి ఇవన్నీ వాడినవాటిలో దొరికేవి. నేను కొనలేదు. “ముందు గేర్ల బండి సరిగ్గా నేర్చుకుంటే ఏదైనా నడపొచ్చు” అన్నాను. ఎంత జ్ఞానవాక్యం! ఈ వాక్యం చెప్పి ఎంతమంది భర్తలు, అన్నలు, తండ్రులు ఎంతమందిని ఎడమ సీటుకు పంపారో. ఆడవాళ్ళనే కాదు, అరవై దాటి మోకాళ్ళు అరిగిన తండ్రులను కూడా. “ఇంక మీరు నడపొద్దు నాన్నగారూ” అంటాం. నడపొద్దనే ముందు ఆటోమేటిక్ ఇచ్చి చూద్దామని ఎందరికి తోచింది?

ఇక చిన్నతనం సంగతి. మేం కొన్నది హోండా బ్రియో, 2016 నాటిది. పొడవు 3.61 మీటర్లు, వెడల్పు 1.68. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, 88 గుర్రాలు, టన్నుకు లోపు బరువు. ఇప్పుడు మన వీధుల్లో గౌరవచిహ్నంగా తిరుగుతున్న పెద్ద బండ్లు నాలుగున్నర మీటర్లు దాటుతాయి, వెడల్పు 1.9 మీటర్ల దాకా ఉంటుంది. ఆ మీటరు తేడా కాగితం మీద ఏమీ కాదు. అపార్టుమెంటు సెల్లారులో రెండు స్తంభాల మధ్య ఆ మీటరే సర్వస్వం. 2006 బడ్జెటులో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించిన నాటినుంచి మన తయారీదారులు ఆ గీతకు కట్టుబడి బండ్లు చేస్తున్నారు. తీరా కొనేవాళ్ళమే, నలుగురు మనుషులున్న ఇంటికి ఏడుగురు కూర్చునే బండి తెచ్చి, అందులో రోజూ ఒక్కరమే ఆఫీసుకు వెళ్తున్నాం. మిగిలిన ఆరు సీట్లలో మన గౌరవం కూర్చుని వస్తుంది కాబోలు!

చురుకుదనం అంటే నూరు దాటాక ఎంత దూకుతుందన్నది కాదు. నగరంలో ఆ ప్రశ్నకు అర్థం లేదు. ఆకుపచ్చ దీపం పడగానే నిలుచున్న చోటినుంచి నలభై దాకా ఎంత తొందరగా అందుకుంటుంది, బస్సు వెనకనుంచి పక్క వరసలోకి ఎంత సులువుగా జరుగుతుంది, ఇరుకు సందులో ఒక్క ప్రయత్నంలో తిరుగుతుందా, ఇవీ అసలు ప్రశ్నలు. వీటికి కావలసింది పెద్ద ఇంజను కాదు, తక్కువ బరువు, కాలు తాకగానే పలికే గేరుపెట్టె. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఇంజనుకూ గేర్లకూ మధ్య నూనె తిరుగుతుంది. కదిలే ఆ తొలిక్షణంలో అది ఇంజను తిప్పుడుబలాన్ని పెంచి చక్రాలకు అందిస్తుంది. బ్రేకు మీద కాలు తీస్తే చాలు, బండి నడక సాగిస్తుంది.

ఇక్కడ అమ్మేవాళ్ళతో నాకొక తగాదా ఉంది. వాళ్ళు అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘ఆటోమేటిక్’ అంటారు. నాలుగు వేర్వేరు యంత్రాలవి. 2014 ఫిబ్రవరిలో సెలెరియోతో మన దేశంలో ప్రాచుర్యంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు గేరుపెట్టే. మనకు బదులు ఒక మోటారు క్లచ్చి తొక్కి గేరు మారుస్తుంది. చవక, మైలేజీ బాగుంటుంది, మరమ్మతు తేలిక. మారినప్పుడల్లా మాత్రం మన తల ఒకసారి ముందుకు ఊగుతుంది. తొలినాళ్ళ బండ్లు కొన్ని ఎత్తు మీద ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారతాయి కూడా. మా ఆవిడను పదకొండేళ్ళు ఎడమసీటులో కూర్చోబెట్టిన జబ్బు అదే కదా! రెండు క్లచ్చిలుండే డీసీటీ చాలా చురుకైనది. కానీ అందులో పొడి క్లచ్చిలున్న రకం మన జనసమ్మర్దంలో అంగుళం అంగుళం పాకుతుంటే వేడెక్కుతుంది. వాడినది కొనేవాడు దాన్ని చూసి మురిసేముందు మరమ్మతు ఖర్చెంతో విచారించాలి. సీవీటీ పట్టులా నడుస్తుంది, గట్టిగా తొక్కితే మాత్రం వేగంకన్నా ముందు చప్పుడు పెరుగుతుంది. టార్క్ కన్వర్టర్ పాతకాలపుది, కాస్త పెట్రోలు తాగుతుంది, కానీ ఓపికమంతురాలు. నా ఓటు దీనికి, ఆ తర్వాత సీవీటీకి. పాత ఐ10 ఆటోమేటిక్‌లో నాలుగు గేర్లు, బ్రియోలో ఐదు. రెండూ ఈ జాతివే.

వాడినది ఎందుకంటే, కొత్త కారు విలువ మొదటి కొన్నేళ్ళలోనే దబదబా పడిపోతుంది. ఆ పడిపోవడాన్ని ఇంకొకరు భరించాక మనం అందుకోవడంలో అవమానం ఎక్కడుంది? పాత పుస్తకాల కొట్టులో అరుదైన సంపుటం దొరికితే టపా రాసుకుని మురిసిపోయే జాతి మనది. కారు దగ్గరికి వచ్చేసరికి ఎంగిలి గుర్తొస్తుందా? నగరంలో తొలి గీత ఎలాగూ నెలలోపే పడుతుంది. పాత బండికి అది ముందే పడి ఉంటుంది. ఆ మనశ్శాంతికి వెల కట్టలేం. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, కొత్తదే కొనొచ్చు అంటారా? సంతోషం. కొత్తదాని ధర దిగితే పాతదాని ధరా దిగక తప్పదు. బేరం ఆడండి.

అయితే కళ్ళు మూసుకుని కొనమని నేననను. ఆటోమేటిక్‌ను ఖాళీ రోడ్డు మీద నడిపి చూస్తే ఏమీ తెలియదు. సాయంత్రం ఆరు గంటలకు, ఏసీ వేసి, అరగంట రద్దీలో నడపండి. వేడెక్కాకే దాని గుణం బయటపడుతుంది. దానికి ముందు, తెల్లవారుజామున ఇంజను చల్లగా ఉండగా మొదలుపెట్టి చూడండి. మీటను రివర్సుకు, అక్కడినుంచి డ్రైవుకు జరిపినప్పుడు దెబ్బ కొట్టినట్లు అదిరినా, రెండు మూడు క్షణాలు ఆలోచించుకున్నా దండం పెట్టి వచ్చేయండి. గేరుపెట్టె నూనె చూసే వీలుంటే చూడండి. చాలావాటిలో కొత్త నూనె ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వేస్తే ఆ బండి తన కథంతా చెప్పేసినట్లే. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తూ బ్రేకు మీది రబ్బరు అరిగిపోయి ఉంటే, రబ్బరునే నమ్మండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ బండ్లు నీటమునిగాయి. అద్దంలా తుడిచి అమ్మినా, బెల్టు లోపలి మడతలో బురద మరక మిగిలిపోతుంది.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. 29, 30 నంబరు ఫారాల మీద అమ్మినవారి సంతకాలు, అప్పు మీద కొన్న బండైతే అది తీరినట్లు 35వ ఫారం, వేరే రాష్ట్రంలో రిజిస్టరైనదైతే 28వ ఫారం మీద అక్కడి నిరభ్యంతరపత్రం. 2014 జూన్‌కు ముందు హైదరాబాదులో రిజిస్టరైన బండి పలక మీద ఏపీ అక్షరాలే ఉంటాయి, దాన్ని పరాయి రాష్ట్రపు బండి అనుకోకండి. పాత చలానాలు ముందే కట్టించండి. బీమాను పధ్నాలుగు రోజుల్లోగా మీ పేరుకు మార్చమని అడగాలి. క్లెయిము చేయనందుకు వచ్చే రాయితీ అమ్మినవారితోనే పోతుంది, మీకు రాదు. పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి కనుక, ఇంకెన్నేళ్ళు మిగిలాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ధర చెప్పండి.

ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది మైలేజీ. మా బండి నగరంలో లీటరుకు పదిన్నర ఇస్తుంది. పాత గేర్ల బండి పదమూడు ఇచ్చేది. ఏడాదికి ఆరువేల కిలోమీటర్లు తిరిగితే తేడా 110 లీటర్లు. నెలకు వెయ్యి రూపాయలు అనుకోండి. దాచుకున్న ఆ వెయ్యితో ఏ మోకాలిని కొనగలం? రెండోది, పొరపాటున బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కితే? ఇది వేళాకోళం చేయదగ్గ ఆక్షేపణ కాదు, నిజమైన ప్రమాదం. కొత్తగా మారినవారు ఖాళీ మైదానంలో వారం రోజులు సాధన చేయాలి. ఎడమకాలిని పూర్తిగా మరచిపోవాలి, బ్రేకుకూ యాక్సిలరేటరుకూ కుడికాలొక్కటే. బ్రేకు తొక్కిపట్టకుండా మీట జరపకూడదు. మూడోది, విద్యుత్ కారు కొనొచ్చు కదా అని. కొనండి, దానికి క్లచ్చే లేదు. నా వాదానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? సొంత చోట ఛార్జింగు పెట్టుకునే వీలున్నవారు అదృష్టవంతులు. మా పాత అపార్టుమెంటు సెల్లారులో ఒక ప్లగ్గు కోసం సంఘం సమావేశాలు ఎన్ని జరిగాయో చెప్పాలంటే ఇంకో టపా కావాలి.

పెళ్ళినుంచి వచ్చిన మరుసటి ఆదివారం తాళాలు మా ఆవిడ చేతిలో పెట్టాను. క్షమించమని అడిగాను కూడా, పదకొండేళ్ళు ఆలస్యంగా. తను ఆ మాటకు జవాబు చెప్పలేదు. తాళాలు తీసుకుంది. మొదటి పది రోజులు తెల్లవారుజామున కాలనీ చుట్టూ, తర్వాత మెహదీపట్నం దాకా. నెల తర్వాత ఒక సాయంత్రం తనే అంది, “చెక్‌పోస్టు వైపు పోదాం” అని. అదే ఎత్తు, అదే రద్దీ. ఆగింది. వెనక ఆటో ఉంది. నేను ఎడమసీటులో కూర్చుని లేని బ్రేకును కుడికాలితో తొక్కుతున్నాను. తను బ్రేకు మీదినుంచి కాలు తీసింది, బండి మెల్లగా ముందుకు కదిలింది. అంతే. ఒక్క అంగుళం వెనక్కి పోలేదు. “ఇంతేనా!” అంది తను. ఆ మూడక్షరాల వెనక ఉన్న పదకొండేళ్ళకు నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు వాళ్ళమ్మగారిని ఆస్పత్రికి తనే తీసుకెళుతుంది. నేను వారానికి రెండుసార్లు బండి అడిగి పుచ్చుకుంటున్నాను. ఖాళీ లేదంటే మెట్రో ఎక్కుతున్నాను.

కనుక బావగారూ, ఆనాడు విస్తరి ముందు చెప్పింది అబద్ధం. ఆ కారు చెల్లాయి కోసం కొన్నది కాదు, నా ఎడమ మోకాలి కోసం కొన్నది. మీ చెల్లాయి దాన్ని తనది చేసుకుంది. మొన్న మెట్లెక్కుతూ మీరూ ఎడమ మోకాలు పట్టుకోవడం చూశాను. ఒకసారి మా ఇంటికి రండి. తనే నడిపి చూపిస్తుంది.